గోదారిలో నా గాలానికి మలుగు పడింది: దాని పేరు తేలడానికి పందొమ్మిది రోజులు

నేను హనుమకొండలో ఉంటాను. ఎనుమాముల మార్కెట్‌లో ఒక పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. నవంబర్‌లో మాకు ఊపిరాడదు. అయినా ఆ శని, ఆదివారాలు మార్కెట్ బంద్ ఉండటంతో 2025 నవంబర్ 15 మధ్యాహ్నం బండి తీసుకుని మామ వాళ్ళ ఊరికి బయల్దేరాను. ములుగు, గోవిందరావుపేట, తాడ్వాయి దాటి ఏటూరునాగారం పోయాక, గోదారి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. నాకు మూడు గంటలు పట్టింది. రాను పోను పెట్రోలుకు ఐదు వందలు.

మామ వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. వరద తగ్గి, నీళ్ళు తేరుకుని, చలి ఇంకా ముదరని ఈ రోజులు వాలుగకు మంచి అదను. నేను వెళ్ళింది కూడా వాలుగ కోసమే.

సాయంత్రం ఐదున్నరకు గాలాల తాడు వేశాం. ఒకే పొడుగాటి తాడుకు బారెడు దూరానికి ఒకటి చొప్పున ఇరవై గాలాలు. సగం గాలాలకు ఎర్రలు, సగానికి చిన్న పరక చేపలు గుచ్చాం. ఒక కొసను ఒడ్డున చెట్టు వేరుకు కట్టి, రెండో కొసకు రాయి కట్టి మడుగులో వదిలాం. అక్కడ నీళ్ళ కింద బండలు ఎక్కువ, తాడు చిక్కుకుంటుందని మామ వద్దన్నాడు. అక్కడే వేద్దామని పట్టుబట్టింది నేనే. అమావాస్యకు ఇంకా ఐదు రోజులే ఉంది. కటిక చీకటి.

ఆదివారం తెల్లవారుజామున ఐదుంబావుకు తెప్ప మీద వెళ్ళి తాడు లాగడం మొదలుపెట్టాం. మొదటి పదకొండు గాలాలకు రెండు జెల్లలు, ఒక చిన్న వాలుగ పడ్డాయి. పన్నెండోది లాగుతుంటే బండకు పట్టిందనుకున్నాను. ఎందుకంటే చేప పడితే తాడు గుంజుతుంది, వదులుతుంది, మళ్ళీ గుంజుతుంది. ఇది అలా కాదు. ఒకే బిగువు. అవతలి నుంచి ఎవరో మెలితిప్పుతున్నట్టు తాడు నా వేళ్ళ మధ్య తిరుగుతోంది. మామ సెల్‌ఫోన్ లైటు వేశాడు. నీళ్ళలో నా ముంజేతి లావున మచ్చలు మచ్చలుగా ఒక ఒళ్ళు మెలిక తిరిగింది.

"పామురో అల్లుడా, తాడు ఇడువు!" అని మామ తెడ్డు ఎత్తాడు.

నేను తాడు వదల్లేదు. ధైర్యంతో కాదు, భయానికి చేతులు బిగుసుకుపోయాయి. అది తెప్ప అంచు మీదికి సగం ఎక్కి నా మోకాలికి చుట్టుకుంది. ఆ జిగట ఇప్పటికీ ఒంటి మీద ఉన్నట్టే అనిపిస్తుంది. చల్లగా, కోడిగుడ్డు తెల్లసొన పూసినట్టు. ఒడ్డున వల సర్దుకుంటున్న తాత అరుపులు విని, లైటు మా మీదికి తిప్పి ఒక్క కేక వేశాడు.

"సంపకుండ్రి! గది పాము గాదు. మలుగు!"

నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. మామకు నలభై ఎనిమిదేళ్ళు, పుట్టింది పెరిగింది ఈ ఒడ్డునే. పేరు విన్నాడు గానీ ఎప్పుడూ పట్టలేదట. తాతకు డెబ్బై దాటాయి. ఒడ్డుకు చేరాక తడి గోనె సంచి అడిగి తీసుకుని, దాన్ని దాంట్లో చుట్టి రెండు చేతులతో అదిమి పట్టాడు. ఉత్త చేతులతో ఎంత గట్టిగా పట్టినా ఇది సబ్బులా జారిపోతుంది, గోనెలో అయితే నిలుస్తుంది. గాలం దవడ మూలన దిగింది. కటింగ్ ప్లయర్‌తో తీస్తుంటే కొంచెం నెత్తురు వచ్చింది. తాత వెంటనే నా చెయ్యి పక్కకు తోసి, "దీని నెత్తురు కంట్లె పడనియ్యకు, మంటెత్తుతది" అన్నాడు. అప్పుడు ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇంటికి తెచ్చి నీళ్ళ డ్రమ్ములో వేశాం. అత్త కార్తీకమాసం పట్టింది, ఇంట్లో నీచు వండదు. నిజం చెప్పాలంటే అది ఆ రోజు బతికిపోవడానికి మొదటి కారణం అదే.

వెలుతురు వచ్చాక ఫొటోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అరగంటలో పదిహేడు జవాబులు. నీటి పాము అని ఐదుగురు, బొమ్మిడాయి అని నలుగురు. ఇద్దరు కరెంటు చేప అన్నారు, ముట్టుకోవద్దని ఒకాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయన చెప్పే కరెంటు చేప దక్షిణ అమెరికాది, మన నదుల్లో ఉండదు. సముద్రపు చేప కొనుక్కొచ్చి గోదారిలో పట్టానని చెప్పుకుంటున్నావని కూడా ఒకరు రాశారు. ఆ మాటకు చాలా బాధేసింది. గూగుల్ లెన్స్‌లో పెడితే మోరే ఈల్ అని చూపించింది. అది సముద్రపు బండల్లో ఉండే, పాములా పొడుగాటి చేప.

అప్పుడు ఫోన్ పక్కన పెట్టి డ్రమ్ము పక్కన కూర్చున్నాను. గంట సేపు కేవలం చూశాను. ఒళ్ళు ముదురు గోధుమ రంగు, దాని మీద పసుపు కలిసిన మచ్చలు, ఎండుటాకులు పేర్చినట్టు. పొట్ట మాసిన తెలుపు. తల వెనక రెండు పక్కలా చిన్న చెవుల్లాంటి రెక్కలు, నీళ్ళలో వాటిని మెల్లగా ఊపుతోంది. పై పెదవి మీద ముక్కు రంధ్రాలు రెండు చిన్న గొట్టాల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి, బియ్యపు గింజలో సగం ఉంటుందేమో ఒక్కోటి. వెన్ను మీద రెక్క వెనక దాకా పోయి, తోక చుట్టూ తిరిగి, పొట్ట కిందికి వచ్చి కలుస్తుంది. ఎక్కడా తెగదు. ఇన్నేళ్ళు చేపలు పట్టాను గానీ ఒక చేపను ఇంత సేపు చూసింది లేదు.

పాము కాదని నాకు అక్కడే అర్థమైంది. పాముకు మొప్పలుండవు, రెక్కలుండవు. బొమ్మిడాయి కూడా కాదు. బొమ్మిడాయిని మా పిల్లలు కూడా గుర్తుపడతారు, ముక్కు సూదిగా ఉంటుంది, వెన్ను మీద ముళ్ళు వరసగా గుచ్చుకుంటాయి. దీని వెన్ను పట్టులా ఉంది.

మధ్యాహ్నానికి ఊళ్ళో తెలిసిపోయింది. పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి పదిహేను వందలు ఇస్తానన్నాడు, బేరం రెండు వేల దాకా వచ్చింది. వాళ్ళ అన్నకు నడుము నొప్పి అట, పచ్చి నెత్తురు తాగితే పోతుందని ఎవరో చెప్పారట. మామ నా వైపు చూశాడు. "నీ పట్టుదలకు పడ్డది, నీ ఇష్టం" అన్నాడు. రెండు వేలంటే మామకు చిన్న మాట కాదు, ఆ వారమంతా కష్టపడ్డా అంత మిగలదు. ఆ మాట అన్నందుకు ఆయనకు నేను ఎప్పుడూ రుణపడి ఉంటాను. పేరు తెలిసేదాకా ఆగుతానని చెప్పి పంపించాను.

ఆ రాత్రి ఇంకో టెన్షన్. డ్రమ్ము మీద చెక్క పెట్టి, చెక్క మీద రాయి పెట్టాం. నాలుగు వేళ్ళ సందు మాత్రం గాలి కోసమని వదిలాను. రాత్రి రెండు గంటలకు కుక్క మొరిగితే లేచి చూస్తే డ్రమ్ము ఖాళీ. గుండె జారిపోయింది. పెరడంతా లైటు వేసి నలభై నిమిషాలు వెతికాం. చివరికి బోరింగు దగ్గర నీళ్ళు పోయే కాలువలో, నాచు పట్టిన తడి మట్టిలో దొరికింది. ఒంటికి అంటిన దుమ్ము తప్ప ఏమీ కాలేదు. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపు ఇది చర్మంతో కూడా ఊపిరి పీల్చుకుంటుందని తర్వాత తెలిసింది. ఎవరికైనా దొరికితే మాత్రం సందు అనేదే ఉంచకండి. మూత మొత్తం బిగించి, సన్నని రంధ్రాలు చేయండి.

సోమవారం, 17వ తేదీ. యజమానికి ఫోన్ చేసి సెలవు అడిగాను. సీజన్‌లో అడిగినందుకు ఆయన విసుక్కున్నాడు, ఏడు వందల జీతం కట్. చేపల సంగతి చూసే ఒక ఆఫీసుకు ఫొటోలు పట్టుకుని వెళ్ళాను. పదిన్నర నుంచి ఒంటి గంట దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక నా ఫోన్ చేతిలోకి తీసుకోకుండానే, టేబుల్ అవతల నుంచి చూసి, "నీటి పాము అయ్యుంటది, వదిలెయ్" అన్నారు. రెక్కలు చూడండి సార్ అన్నాను. అప్పటికే ఆయన ఇంకో కాగితం తీశారు. బయటికి వచ్చాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాత చదువుకోలేదు, చీకట్లో ఇరవై గజాల నుంచి చూసి చెప్పాడు. ఇక్కడ పట్టపగలు ఎదురుగా పెడితే చూడలేదు.

మా స్నేహితుడి చెల్లెలు హనుమకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. తన ద్వారా వాళ్ళ లెక్చరర్ నంబరు దొరికింది. రెండు గంటల నలభైకి మేడమ్ ఫోన్ చేశారు. నేను పంపిన పద్నాలుగు ఫొటోలూ చూశానని, వాటిలో ఒక్కటి కూడా పనికిరాదని ముందే చెప్పారు. మనం పొడవు కనిపించాలని, చేతిలో పట్టుకుని నవ్వుతూ ఫొటోలు తీసుకుంటాం. వాళ్ళకు కావలసింది వేరే. వెన్ను రెక్క సరిగ్గా ఎక్కడ మొదలవుతుంది, మలద్వారం ఎక్కడ ఉంది, ఆ రెండింటి మధ్య దూరం ఎంత. పక్కన టేపు పెట్టి, పై నుంచి నిటారుగా, ఒకటి పక్క నుంచి, ఒకటి పొట్ట వైపు తీయమన్నారు.

ఎందుకో కూడా ఓపికగా చెప్పారు. మన వైపు నదుల్లోకి వచ్చే ఈల్ చేపలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానికి వెన్ను రెక్క పొట్టి, మలద్వారానికి దాదాపు సరిగ్గా పైన మొదలవుతుంది, ఒంటి మీద మచ్చలుండవు. రెండో దానికి రెక్క పొడవు, మలద్వారం కంటే చాలా ముందే మొదలవుతుంది, ఒళ్ళంతా మచ్చలు. ఇవి కాక బురద ఈల్ ఒకటి ఉంది, దానికి తల పక్కన రెక్కలే ఉండవు, గొంతు కింద ఒకే చీలిక ఉంటుంది.

అత్త మిషన్ కుట్టే టేపు తెచ్చింది. డ్రమ్ములో చల్లటి నీళ్ళు పోస్తే అది నెమ్మదించింది. తడి గోనె పరిచి దాని మీద పడుకోబెట్టి, తాత తల వైపు, మామ తోక వైపు పట్టుకున్నారు. రెక్క మొదలు కంటికి కనిపించదు, చర్మంలో మడతలా కలిసిపోయి ఉంటుంది. వేలిని తోక వైపు నుంచి తల వైపుకు మెల్లగా జరుపుతూ పోతే, ఒకచోట ఆ అంచు అయిపోతుంది. అక్కడ పెన్నుతో గోనె మీద గీత పెట్టాను. నాలుగుసార్లు కొలిచాం. మొత్తం పొడవు 83 సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి వెన్ను రెక్క మొదలు దాకా 25, మలద్వారం దాకా 35. కిరాణా కొట్టు కాంటా తెస్తే బరువు కిలో రెండు వందల యాభై గ్రాములు తూగింది.

పది సెంటీమీటర్ల తేడా అని చెప్పగానే అటు నుంచి మేడమ్ గొంతు మారింది. "పొడవు రెక్క రకమే అయ్యుంటుంది. శాస్త్రీయ నామం ఆంగ్విల్లా బెంగాలెన్సిస్. మీ తాత గారు మలుగు అన్నారు కదా, పాత నిఘంటువుల్లో కూడా ఈల్‌కు ఆ మాటే ఉంది" అన్నారు. ఫొటోలు సరిగా చూశాకే ఖాయంగా చెప్తానని కూడా అన్నారు.

తర్వాత ఆమె చెప్పింది వింటూ నేను డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఇది గోదారిలో పుట్టలేదు. దీని జాతి పుట్టేది హిందూ మహాసముద్రంలో, లోతు నీళ్ళలో. పిల్లలు అద్దంలా ఆకు ఆకారంలో ఉండి, సముద్రం ఎటు తీసుకుపోతే అటు కొట్టుకొస్తాయి. తీరం చేరేసరికి సన్నని దారప్పోగుల్లా మారి, నది మూతి పట్టుకుని పైకి ఎక్కుతాయి. తడి గోడల మీద కూడా పాకుతాయి. ఏళ్ళ తరబడి మంచినీళ్ళలో పెరిగి, పెద్దయ్యాక ఒకే ఒక్కసారి సముద్రానికి తిరిగి పోతాయి. అక్కడ గుడ్లు పెట్టి చనిపోతాయి. ఇక్కడ ఎన్నేళ్ళున్నా ఇక్కడ మాత్రం గుడ్లు పెట్టవు.

మా మడుగు నుంచి సముద్రం నది వెంట మూడొందల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో ధవళేశ్వరం బ్యారేజీ. ఆ పైన పోలవరం. ఇంకా పైన దుమ్ముగూడెం ఆనకట్ట. దారప్పోగంత ప్రాణి ఇవన్నీ దాటి మా ఊరి బండల దాకా వచ్చింది! దీని వయసెంత అని అడిగాను. చెవిలో ఉండే చిన్న రాయిని కోసి, దాంట్లో చెట్టు మానులో ఉన్నట్టే ఉండే వలయాలు లెక్కపెడితే తెలుస్తుందట. అంటే చంపాలి.

నెత్తురు సంగతి కూడా అప్పుడే అడిగాను. ఈ జాతి ఈల్ చేపల పచ్చి నెత్తురులో విషం ఉంటుంది, బాగా ఉడికిస్తే పోతుంది, పచ్చిగా మాత్రం ఎవ్వరినీ తాగనివ్వకండి అని గట్టిగా చెప్పారు. రెండు వేలు ఇస్తానన్న ఆయనకు వెంటనే ఫోన్ చేసి చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. కనీసం నా చేతుల మీదుగా ఆ పని జరగలేదు.

దాన్ని భద్రపరిచి ఇస్తే గట్టి సాక్ష్యంగా ఉంటుందని మేడమ్ అన్నారు, కానీ ఇవ్వమని అడగలేదు. మామ, నేను, తాత ముగ్గురం డ్రమ్ము చుట్టూ కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాం. సముద్రానికి ఒక్కసారే పోతుందన్న మాట నా మనసులో తిరుగుతోంది. వదిలేద్దాం అన్నాను. మామ ఏమీ అనకుండా డ్రమ్ము ఒక పక్క ఎత్తాడు.

సాయంత్రం ఆరు గంటలకు, అది దొరికిన మడుగు దగ్గరే, నీళ్ళలోకి డ్రమ్ము వంచాం. అది వెంటనే పోలేదు. మోకాలి లోతు నీళ్ళలో నా కాళ్ళ పక్కన కాసేపు ఆగింది, తల పక్కనున్న ఆ చిన్న రెక్కలు ఊపుతూ. తర్వాత తోక ఒక్కసారి కొట్టి బండల కిందికి పోయింది. నా చొక్కాకు అంటిన జిగట మూడు ఉతుకులకు గానీ పోలేదు.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటుంది. వదిలే ముందు రెక్క అంచున గోరంత ముక్క కత్తిరించి స్పిరిట్‌లో వేసి ఉంటే దానికి ఏమీ అయ్యేది కాదు, డీఎన్ఏ పరీక్షకు పనికొచ్చేది. ఈ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

ఆ రాత్రే హనుమకొండ చేరి, ఫొటోలూ కొలతలూ ఐన్యాచురలిస్ట్ యాప్‌లో (జీవుల ఫొటోలు పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్తారు) ఎక్కించాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. రోజుకు పదిసార్లు తెరిచి చూసేవాణ్ణి. 21న ఒకరు వచ్చి ఇది ఆంగ్విల్లా రకం ఈల్ అని మాత్రం రాశారు. 29న ఇంకొకరు పొట్ట వైపు ఫొటో చూసి బెంగాలెన్సిస్ అన్నారు. డిసెంబర్ 5, శుక్రవారం సాయంత్రం మేడమ్ కాలేజీకి రమ్మన్నారు. కంప్యూటర్‌లో ఫొటో పెద్దది చేసి, కొలతలు మళ్ళీ ఒకసారి లెక్క వేశారు. రెక్క మొదలుకూ మలద్వారానికీ మధ్య దూరం మొత్తం పొడవులో పన్నెండు శాతం వచ్చింది. మచ్చలు, నోరు కంటి వెనక దాకా ఉండటం అన్నీ సరిపోయాయి. కాగితం మీద పేరు రాసి, తేదీ వేసి సంతకం చేసి ఇచ్చారు. తాత చెప్పిన మాట దగ్గరికే పందొమ్మిది రోజులకు తిరిగి వచ్చాను. ఆ కాగితం పర్సులో పెట్టుకుని ఇంటికి వస్తుంటే పిల్లాడు పాసైనంత సంతోషం.

ఖర్చు మొత్తం చూసుకుంటే రెండుసార్ల పెట్రోలు వెయ్యి, పోయిన జీతం ఏడు వందలు, తిరుగుళ్ళకు టీలకు రెండు వందలు.

డిసెంబర్ 21, ఆదివారం మళ్ళీ వెళ్ళాను, ఈసారి గాలాలు లేకుండా. మేడారం జాతర పనుల టిప్పర్లతో తాడ్వాయి దగ్గర గంట ఆలస్యమైంది. తాత ఒడ్డున వల అల్లుతున్నాడు. కాగితం చూపించి, పేరు చదివి వినిపించి, సముద్రం సంగతంతా చెప్పాను. తాత చిన్నప్పుడు ప్రతి వానాకాలం నాలుగైదు మలుగులు పడేవట, ఈ పదేళ్ళలో ఆయన చూసింది ఇదొక్కటే. కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి నా చేతికి ఇచ్చేశాడు. వల కన్ను ఒకటి ముడి వేసి, కొంచెం సేపు ఆగి అన్నాడు.

"సముద్రం ముచ్చట నాకు తెల్వది బిడ్డా. గానీ నా జన్మల ఎన్ని మలుగులు కోసిన్నో, ఒక్కదాని కడుపుల గూడ గుడ్లు సూడలె. ఎందుకో అనుకునేటోణ్ణి."

నేను ఫోన్ తీసి ఆ మాటను ఉన్నదున్నట్టు మేడమ్‌కు పంపాను. రెండు నిమిషాల్లోనే జవాబు వచ్చింది: "ఆయన దగ్గరికి నన్ను ఎప్పుడు తీసుకెళ్తారు?"